రైలింజను నడిపించి ఆసుపత్రిని కాపాడిన డాక్టరు
కొరియా రణరంగంలో మన కర్నల్ రంగరాజ్

గుంతకల్లు జంక్షనులో బొగ్గు ఇంజన్లు కూత వేసిన కాలం ఎరిగిన వారికి ఇంజనుకు నిప్పు ఎంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యమని వేరే చెప్పనక్కరలేదు. ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండంలా వంగిన గొట్టం కింద ఇంజను ఆగి, కడుపునిండా నీళ్ళు తాగి గాని కదిలేది కాదు. ఆ గొట్టమే లేని చోట, ఎముకలు కొరికే చలిలో, శత్రుసేన ఊరి పొలిమేర దాకా వచ్చిన వేళ, కొందరు భారతీయులు వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటూ ఒక పాత ఇంజనుకు నీళ్ళు నింపారు. వారు రైల్వే కూలీలు కారు, తుపాకి పట్టి పోరాడే సిపాయిలూ కారు. సైనిక ఆసుపత్రి సిబ్బంది. వారి నాయకుడు ఒక డాక్టరు. పేరు లెఫ్టినెంట్ కర్నల్ ఆర్కాటు గోపాల్ రంగరాజ్.

1950 డిసెంబరు మొదటివారంలో ఉత్తర కొరియా ముఖ్యపట్టణం ప్యాంగ్‌యాంగ్‌లో జరిగిన సంగతి యిది.

ఆర్కాటు పేరు మన సీమవారికి కొత్త కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వం ఆ తాలూకాలు చాలావరకు ఉత్తరార్కాటు జిల్లాలోనివే. అనంతపురం కూడా అప్పట్లో అదే మద్రాసు రాజధానిలో భాగం. రంగరాజ్ 1917లో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. కర్నూలులో వైద్య కళాశాల 1957లో గాని రాలేదు, అనంతపురానికి 2000లో గాని ఆ భాగ్యం కలుగలేదు. ఆ రోజుల్లో డాక్టరు కావాలనుకున్న సీమ కుర్రవాడు కూడా మద్రాసు రైలెక్కవలసినవాడే.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. రంగరాజ్ సైన్యంలో వైద్యాధికారిగా చేరారు. 1941లో 152వ భారత పారాచూట్ బెటాలియన్ ఏర్పడినప్పుడు ఆయన దానికి డాక్టరు. విమానంలోంచి గొడుగు కట్టుకుని దూకడం అనే మాట వింటేనే జనం నోళ్ళు వెళ్ళబెట్టే కాలమది. భారతీయులలో తొట్టతొలిగా పారాచూట్‌తో దూకిన యిద్దరిలో ఆయన ఒకరు. రెండవవారు హవల్దార్ మేజర్ మథురా సింగ్. డాక్టరు దూకవలసిన పని ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. సిపాయిలు దూకిన చోట కాలు విరిగినా, గుండు తగిలినా వెంటనే కట్టు కట్టేవాడు పక్కన వుండాలి కదా. వెనక ఎక్కడో డేరాలో కూర్చున్న వైద్యునితో ఆ పని కాదు.

1944 మార్చిలో మణిపూర్ కొండల్లో సాంగ్షాక్ అనే ఊరి వద్ద 50వ పారాచూట్ బ్రిగేడ్ జపాను సేనను కొన్ని రోజులపాటు నిలువరించింది. ఆ పోరులో రంగరాజ్ కూడా వున్నారు. కొండ మీద నీళ్ళు లేవు. విమానాలు జారవిడిచిన సరుకులో చాలా భాగం శత్రువు చేతుల్లోనే పడింది. చివరకు రాత్రివేళ కొండ దిగి వెనక్కు మళ్ళేటప్పుడు కదలలేని క్షతగాత్రులను వదలి రావలసివచ్చింది. ఒక డాక్టరుకు అంతకంటె కష్టమైన రాత్రి మరొకటి వుండదు. ఆరేళ్ళ తర్వాత ప్యాంగ్‌యాంగ్‌లో ఆయన ప్రవర్తించిన తీరు చూస్తే సాంగ్షాక్ ఆయన మనసులోంచి చెరిగిపోలేదనే తోస్తుంది.

తుపాకులకు బదులు మందుపెట్టెలు

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణ కొరియా మీదికి వచ్చాయి. ఐక్యరాజ్య సమితి పిలుపు మీద పలు దేశాలు సైన్యాలను పంపాయి. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళు. నెహ్రూ ప్రభుత్వం దాడిని ఖండించిందే గాని పోరాడే పటాలాలను పంపడానికి యిష్టపడలేదు. అటు అమెరికా, యిటు రష్యా, చైనా. ఎవరి గుంపులోనూ కలవరాదన్నది మన విధానం. అలాగని చేతులు కట్టుకు కూర్చోవడమూ మర్యాద కాదు. అందుకని ఒక వైద్య దళాన్ని పంపారు. కొరియాకు వైద్య సహాయం మాత్రమే పంపిన దేశాలలో మనతోపాటు స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఇటలీ కూడా వున్నాయి.

ఆ దళం పేరు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. అంబులెన్స్ అనగానే మనకు గంట కొట్టుకుంటూ పోయే బండి కళ్ళముందు మెదులుతుంది. యిది బండి కాదు. శస్త్రచికిత్స నిపుణులు, మత్తుమందు డాక్టర్లు, పళ్ళ డాక్టరు, కాంపౌండర్లు, డ్రెస్సర్లు, స్ట్రెచర్ మోసేవారు, వంటవారు, డ్రైవర్లు అందరూ కలిసి మూడు వందల పైచిలుకు మందితో కదలాడే ఆసుపత్రి. నాయకుడు రంగరాజ్. 1950 నవంబరు 20న వీరు పూసాన్ రేవులో దిగారు. నెత్తిన ముదురు ఎరుపు టోపీలు. ఆ టోపీలను బట్టే తర్వాత యుద్ధరంగమంతటా వీరిని గుర్తుపట్టారు.

రేవులో దిగి పట్టుమని పది రోజులైనా కాకముందే రైలులో ప్యాంగ్‌యాంగ్ చేరారు. యుద్ధం అయిపోవచ్చిందని అందరూ అనుకుంటున్న సమయమది. క్రిస్మస్ నాటికి యిళ్ళకు పోతామని అమెరికా సిపాయిలు సంబరపడుతున్నారు. అంతలో చైనా సేనలు లక్షల సంఖ్యలో విరుచుకుపడ్డాయి. ఐక్యరాజ్య సమితి సేన మొత్తం దక్షిణానికి పరుగు తీసింది. ఊరు ఖాళీ చేయమని భారత వైద్యదళానికీ ఆజ్ఞ వచ్చింది. లారీలు లేవు. సామాను అక్కడే పారవేసి, లేదా తగలబెట్టి, మనుషులు మాత్రం బయటపడవలసిన పరిస్థితి.

శస్త్రచికిత్స బల్లలు, మందులు, పరికరాలు, దుప్పట్లు, అన్నీ సముద్రాలు దాటి మోసుకువచ్చినవి. అవి లేకపోతే ఆ దళం ఉత్త చేతుల మంద. మళ్ళీ తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఎందరు గాయపడతారో, వారికి ఏ చేతులతో వైద్యం చేయాలో రంగరాజ్‌కు తెలుసు. ఆయన సామాను వదలడానికి ఒప్పుకోలేదు. వెతకగా వెతకగా రైలు యార్డులో ఒక పాత ఆవిరి ఇంజను, కొన్ని పెట్టెలు కనిపించాయి. ఇంజను నడపడం కాస్త తెలిసినవారు దళంలోనే బయటపడ్డారు. సరుకంతా పెట్టెల్లోకి ఎక్కించారు. నీళ్ళ గొట్టం లేకపోతే బకెట్ల వరుస కట్టారు. బాయి దగ్గర బిందెలు అందుకునే మన పల్లె ఆడవారికి ఆ వరుస ఎలా వుంటుందో తెలుసు. అయితే అక్కడ చేతికి తగిలిన నీటిబొట్టు క్షణంలో గడ్డకట్టే చలి. రైలు కదిలి వంతెన దాటింది. ఆ వెనకే ఇంజనీర్లు ఆ వంతెనను పేల్చివేశారు.

సియోల్ చేరేసరికి ఆ దళం వద్ద ఆసుపత్రి ఆసుపత్రిగానే వుంది. దారిపొడవునా సర్వం పోగొట్టుకు వచ్చిన సేనల మధ్య అది చిన్న సంగతి కాదు.

చలి, ఎలుకలు, పాదాలు

తర్వాత దళాన్ని రెండుగా చేశారు. ఒక భాగం రంగరాజ్ వెంట ముందు వరుసలో బ్రిటిష్ 27వ బ్రిగేడుకు తోడు వెళ్ళింది. ఆ బ్రిగేడులో బ్రిటిష్‌వారే కాక ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా సిపాయిలు కూడా పోరాడారు. రెండవ భాగం మేజర్ ఎన్.బి. బెనర్జీ ఆధ్వర్యంలో తేగూ పట్టణంలో నిలిచి కొరియా సైనికులకు, కాందిశీకులకు వైద్యం చేసింది. కొరియా వైద్య సిబ్బందికి తర్ఫీదు కూడా యిచ్చింది.

ముందు వరుసలో రోజు ఎలా గడిచేదన్నది తెలుసుకోదగ్గది. గుండు తగిలిన సిపాయిని మొదట పటాలం డాక్టరు చూస్తాడు. అక్కడినుంచి స్ట్రెచర్ మీద కొండ దింపాలి. కొరియాలో చదును నేల తక్కువ, కొండ మీద కొండ. వీపున చెక్క చట్రాలు కట్టుకుని మందుగుండు, తిండి మోసే కొరియా కూలీలే తిరుగు ప్రయాణంలో గాయపడినవారినీ దింపేవారు. కింద జీపులు కాచుకుని వుంటాయి. జీపు మీద స్ట్రెచర్లు కట్టి ఫీల్డ్ అంబులెన్సుకు తెస్తారు. అక్కడ డాక్టరు చేయవలసిన మొదటి పని కోయడం కాదు, వేరు చేయడం. ఎవరిని తక్షణం బల్ల ఎక్కించాలి, ఎవరు ఒక గంట ఆగగలరు, ఎవరిని కట్టు కట్టి వెనక్కు పంపవచ్చు. ఈ లెక్క తప్పితే బతకవలసినవాడు చనిపోతాడు. నొప్పికి మార్ఫియా యిచ్చిన మనిషి నుదుట ఒక అక్షరం రాసి పంపుతారు, తర్వాతి డాక్టరు తెలియక మళ్ళీ యిస్తే ప్రాణం మీదికి వస్తుంది గనుక.

చలిని గురించి మనకు చెప్పినా అర్థం కావడం కష్టం. మన మిట్టల్లో పుష్యమాసపు తెల్లవారుజాము గొంగడి కప్పుకుంటే సరిపోతుంది. కొరియా కొండల్లో ఆ శీతకాలం సున్నాకు యిరవై, ముప్ఫై డిగ్రీలు కిందికి దిగింది. ఆ యుద్ధంలో సీసాలోని ప్లాస్మా గడ్డకట్టేది. మార్ఫియా గొట్టాలు గడ్డకట్టకుండా నోట్లో పెట్టుకుని తిరిగినవారున్నారు. తడిసిన మేజోళ్ళతో రాత్రి గడిపితే తెల్లవారేసరికి వేళ్ళు నల్లబడేవి. అందువల్ల పాదాలు పరీక్షించడం, మేజోళ్ళు మార్పించడం కూడా డాక్టరు పనుల్లో ఒకటి. గుండు దెబ్బ అందరికీ తగలదు, చలి మాత్రం ఎవరినీ వదలదు.

1951లో మరో బెడద వచ్చింది. సిపాయిలకు తీవ్రమైన జ్వరం, రక్తస్రావం, మూత్రపిండాలు పనిచేయకపోవడం. ఎలుకల వల్ల వ్యాపించే జబ్బు అది. దానికి కారణమైన సూక్ష్మజీవిని కొరియా శాస్త్రవేత్త హో వాంగ్ లీ 1970లలో కనుగొన్నారు. యుద్ధం నడిచినన్నాళ్ళూ డాక్టర్లకు శత్రువు పేరే తెలియదు. ఎలుకలను దూరంగా వుంచడం, రోగిని కనిపెట్టుకుని వుండడం తప్ప మరో మార్గం లేకపోయింది.

వీరి వద్దకు వచ్చినవారు సిపాయిలే కారు. తెల్లబట్టలు కట్టుకున్న ముసలివారు, బిడ్డలను వీపున కట్టుకున్న తల్లులు తండోపతండాలుగా దక్షిణానికి నడిచిన కాలమది. సరిగా అదే కాలంలో మన అనంతపురం పల్లెల్లో కూడా కరవు వచ్చింది. 1952 నాటి గంజి కేంద్రాల ముందు ముంతలు పట్టుకు కూర్చున్న వరుసలను పెద్దలు చెప్పేవారు. అక్కడ గుండ్లకు భయపడి, యిక్కడ ఆకలికి భయపడి జనం ఊళ్ళు విడిచారు.

మళ్ళీ ఆకాశం నుంచి

1951 మార్చి 23న రంగరాజ్ మరోసారి పారాచూట్ కట్టుకున్నారు. సియోల్‌కు ఉత్తరాన మున్సాన్ వద్ద శత్రువు వెనక్కు మళ్ళే దారిని అడ్డగించడానికి అమెరికా 187వ దళం తేగూ నుంచి వంద పైచిలుకు విమానాల్లో బయలుదేరింది. మూడువేల మందికి పైగా దూకారు. వారితోపాటు శస్త్రచికిత్స బృందంగా పన్నెండుమంది భారతీయులు కూడా దూకారు.  దిగిన చోటే ఆసుపత్రి పెట్టారు. దూకి కాళ్ళు విరిగినవారు, గుండ్ల దెబ్బ తిన్నవారు అక్కడికే వచ్చారు. తుపాకి పట్టని దేశం అని అంతకుముందు పెదవి విరిచిన వారెవరైనా వుంటే ఆ రోజుతో వారి నోళ్ళు మూతబడి వుండాలి. తుపాకి లేకుండా శత్రువు మధ్యకు దూకడానికి తుపాకితో దూకడం కంటె తక్కువ ధైర్యం సరిపోదు.

1951 జులైలో కామన్వెల్తు దేశాల సేనలన్నీ కలిపి ఒక డివిజనుగా ఏర్పరచారు. 60వ దళం అందులో భాగమైంది. అక్టోబరులో ఆ డివిజను కొండల మీద పెద్ద దాడి చేసింది. అయిదారు రోజుల్లో ఈ దళం 448 మంది క్షతగాత్రులను చేర్చుకుని చూసింది. అంటే పగలూ రాత్రీ కలిపి గంటకు ముగ్గురు. స్ట్రెచర్ మోసేవారి మీద కూడా ఫిరంగి గుండ్లు పడ్డాయి. దళంలో చనిపోయినవారు, గాయపడినవారు వున్నారు.

మిగతా దేశాల పటాలాలు ఏడాదికొకసారి మారుతుండేవి. మనవారికి ఆ మార్పు లేదు. దళం 1950 నవంబరు నుంచి 1954 ఫిబ్రవరి దాకా, మూడేళ్ళ మూడు నెలలు అక్కడే వుంది. ఆ కాలంలో సుమారు రెండు లక్షల మందికి వైద్యం, రెండువేల మూడు వందలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినట్లు లెక్క. రంగరాజ్‌కు, బెనర్జీకి మహావీర చక్ర లభించింది. దళంలో మరికొందరికి వీర చక్రలు వచ్చాయి.

1953 జులై 27న పాన్‌మున్‌జోమ్‌లో కాల్పుల విరమణ ఒప్పందం జరిగింది. అంతటితో భారతీయుల పని తీరలేదు, అసలు చిక్కు అప్పుడే మొదలైంది. స్వదేశానికి తిరిగిపోమని మొరాయించిన యుద్ధఖైదీలు ఇరవైరెండు వేల మందికి పైగా వున్నారు. వారిలో ఎక్కువమంది చైనావారు. వీరిని కాపలా కాస్తూ, ఎవరి యిష్టం ఏమిటో అడిగి తేల్చే తటస్థ దేశాల సంఘానికి భారతదేశం అధ్యక్షత వహించింది. సంఘానికి జనరల్ తిమ్మయ్య, కాపలా సేనకు మేజర్ జనరల్ థోరాట్ నాయకులు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారత సిపాయి తన నేల మీద కాలు పెట్టరాదని పట్టుబట్టాడు. దాంతో మనవారిని ఇంచోన్ రేవులో ఓడల మీదనుంచి హెలికాప్టర్లలో ఎత్తి సరిహద్దు మధ్య మండలంలో దింపవలసివచ్చింది. ఆ నేల మీదే మూడేళ్ళుగా భారత డాక్టర్లు ఆయన సైనికులకు, ఆయన ప్రజలకు కట్లు కడుతున్న సంగతి ఆయనకు తెలియదనుకోలేము.

ఆ శిబిరానికి హింద్ నగర్ అని పేరు పెట్టారు. 60వ దళం కామన్వెల్తు డివిజను విడిచి అక్కడికి వచ్చి చేరింది. కొత్త పని తీరు వేరు. ఖైదీల్లోనే రెండు పక్షాలు, గుడారాల్లోనే కొట్లాటలు. భారత సిపాయి ముఖాన రాళ్ళు కూడా రువ్వారు. అటు కమ్యూనిస్టులకు, యిటు అమెరికావారికి మనమీద అనుమానమే. ఆ మధ్యలో వైద్యుడు మాత్రం ఎవరు ఏ పక్షమని అడగకుండా నాడి పట్టుకోవాలి. మన రాజధాని కర్నూలుగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి యిక్కడ జెండాలు ఎగురవేసుకున్న 1953 అక్టోబరులో అక్కడివారి దినచర్య ఇది. 1954 ఫిబ్రవరిలో దళం తిరుగు ప్రయాణం కట్టింది. 1955 మార్చి 10న ఆగ్రాలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఆ దళానికి ప్రత్యేక ట్రోఫీ ప్రదానం చేశారు.

పెద్దమ్మ వెంట పడి

సైన్యం విడిచాక రంగరాజ్ విశ్రాంతి తీసుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరపున మశూచి నిర్మూలనకు అఫ్గానిస్తాన్ వెళ్ళారు. మశూచి అంటే ఏమిటో మన జిల్లా పాతతరానికి చెప్పాలా? గడప గడపకూ వేపమండలు కట్టి, అమ్మవారికి అంబలి పోసి, పిల్లవాడు దక్కితే ముఖాన గుంటలతో దక్కాడని మొక్కుకున్న రోజులవి.

అఫ్గాన్ కొండల్లో చిక్కు మరో విధమైనది. అక్కడ పల్లె పల్లెకూ తిరిగే సంప్రదాయ టీకాలవాళ్ళు రోగి పొక్కుల పెచ్చులు దాచుకుని, వాటినే మంచివారి చేతికి గీసి అంటించేవారు. కొందరికి అది రక్షణ యిచ్చేది. కాని ఆ మనిషి వల్లనే చుట్టుపక్కలవారికి అసలు జబ్బు అంటుకునేది. పైగా ఘోషా పాటించే ఆడవారి చేయి పట్టుకోవడానికి మగవాడు పనికిరాడు. అందుకు ఆడవారినే టీకాలకు పంపవలసివచ్చింది. మంచు కప్పిన కనుమల్లో జీపు ఆగిన చోటనుంచి కాలినడక. విమానంలోంచి దూకిన మనిషికి ఆ నడక కష్టమనిపించి వుండదు. 1972 చివరకు అఫ్గానిస్తాన్‌లో మశూచి వ్యాప్తి ఆగిపోయింది. మన దేశంలో చివరి కేసు 1975లో కనిపించింది. 1980లో ప్రపంచం మొత్తం మీద మశూచి లేదని ప్రకటించారు.

రంగరాజ్ 2009లో తన 92వ యేట కన్నుమూశారు. కొరియా యుద్ధం గురించి మన పల్లెల్లో అడిగితే తిమ్మయ్యగారి పేరు చెప్పేవారు అరుదుగానైనా దొరకవచ్చు, ఈయన పేరు తెలిసినవారు లేరనే చెప్పాలి. ఆయన నడిపిన దళం మాత్రం ఆగ్రా నుంచి యిప్పటికీ పనిచేస్తున్నది. పేరు కొంచెం మారి 60వ పారా ఫీల్డ్ హాస్పిటల్ అయింది. 2023 ఫిబ్రవరిలో టర్కీలో భూకంపం వచ్చినప్పుడు తొంభైతొమ్మిది మంది సిబ్బందితో విమానమెక్కి ఇస్కెందరున్ పట్టణంలో డేరాలు వేసి, శిథిలాల కిందినుంచి వెలికి తీసినవారికి వైద్యం చేసింది ఆ దళమే.